పాస్కా నాడు ఆగిన నీళ్లు

క్యాలెండర్లో ఎర్ర అంకె కనబడితే సెలవు, దాని కింద చిన్న అక్షరాల్లో పండగ పేరు. మీ పిల్లలకు పండగంటే అంతే తెలుసు, నేనేమీ తప్పు పట్టను. మార్చి చివర్లోనో ఏప్రిల్లోనో ఒక ఆదివారం కింద ఈస్టర్ అని ఉంటుంది చూడండి, దానికి మా కాలువ గట్టు మీద వేరే పేరుండేది. పాస్కా. ఆ మాట నేను చర్చిలో నేర్చుకోలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. నీళ్లు లేని కాలువలో, పూడికమట్టిలో నిలబడి నేర్చుకున్నాను. దానికోసం మేము ఒక ఊరి తాగునీళ్లు ఒక పూట ఆపాము. ఆపినందుకు ఎవరి ఉద్యోగమూ పోలేదు కాబట్టి ఇంత ధైర్యంగా చెప్పుకుంటున్నాను.

నాది ఆలూరు దిక్కు. మా ఊరి బావిలోకి తొంగి చూస్తే నీళ్లు కనబడవు, చేంతాడు కనబడుతుంది. అట్లాంటి ఊరివాణ్ణి తీసుకొచ్చి నందికొట్కూరు దిక్కున ఒక కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఆర్డరు చేతికొచ్చిన రోజు మా నాయన శానాసేపు నా ముఖం చూసి, పారే నీళ్లకు గూడా కాపలా పెడతారా అని అడిగాడు. జీతం వచ్చేదాకా ఆయనకు నమ్మకం కుదరలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పట్నమంతా డేరాలు, ఆఫీసర్లు, సర్కారు జిల్లాల నుంచి వచ్చి ఎండకు వాడిపోయిన గుమాస్తాలు.

ఆ సర్కారు జిల్లాల వాళ్లలో ఒకరు మా ఓవర్సీయర్. నాకు పైఅధికారి ఆయనే. భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది. అందులో కొలిచే టేపు, పొడుం డబ్బీ, పంచాంగం. మూడింట్లో మొదట బయటికొచ్చేది పంచాంగమే. సిమెంటు కలపాలంటే వర్జ్యం చూడాలి, గట్టు కొట్టాలంటే రాహుకాలం పోవాలి. నవ్వుకునేవాళ్లం గానీ ఆయన కట్టించిన గోడ కూలిందని నేను వినలేదు. మహా కోపం వస్తే "ఏవిటోయ్ ఇది" అనేవాడు, అంతకు మించిన తిట్టు రాదు. మా దిక్కు తిట్లు మొదటిసారి విన్నప్పుడు పాపం పంచాంగంలో మొహం దాచుకున్నాడు.

ఎండాకాలం కాలువ కట్టేస్తారు. మాకు అసలు పని అప్పుడే. పూడిక తీయాల, జారిన గట్లకు రాళ్లు పేర్చాల, మళ్లీ నీళ్లు వదిలే లోపల ముగించాల. మా పనికి వచ్చేది కాలువ పక్కనే ఉన్న ఒక పల్లె. అందరూ కిరస్తానం పుచ్చుకున్నవాళ్లు, కరువు కాలంలో కాలువ తవ్వడానికి వచ్చి అక్కడే నిలిచిపోయిన కుటుంబాలు. వాళ్లకు ఒక మేస్త్రీ ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. ఆయన పారకు లేస్తే పల్లె లేస్తుంది, ఆయన గట్టు మీద కూర్చుంటే పల్లె కూర్చుంటుంది. ఆయన మాటను ఇంతవరకూ ఎవరూ దాటలేదు, దాటే అవసరం ఆయన రానియ్యలేదు. ఓవర్సీయర్‌ను పెద్దసార్ అనేవాడు, నన్ను చిన్నసార్.

నేను చేరిన ఏడాదే ఉగాది పోయిన కొన్నాళ్లకు మేస్త్రీ వచ్చి, పాస్కా వస్తాండాది, పనికి రాము అన్నాడు. నేను అదేదో జబ్బు అనుకుని, ఎంతమందికి వచ్చింది అని అడిగాను. మేస్త్రీ నవ్వలేదు. వాళ్లమ్మ నవ్వింది. గట్టు మీద కూర్చుని పనివాళ్లకు నీళ్లు పోసే ముసలమ్మ, అందరూ అవ్వ అనేవాళ్లు. పండ్లు లేని నోటితో ఆమె నవ్వితే ఎదుటివాడు గూడా నవ్వాల్సిందే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాట అర్థం చెప్పింది.

"అప్పుట్లో ఆ జనం రాజు కాడ వెట్టి చేస్తాండిరి నాయనా. గొర్రెపిల్ల నెత్తురు గడపలకు పూసుకోమని దేవుడు చెప్పె. ఆ రేయి సావు ఊరంతా తిరిగి, ఆ ఇండ్లను మాత్రం దాటిపాయ. మళ్ల వీళ్లు సముద్రాన్ని ఆరిన నేల మింద దాటిరి. ఇంగ మా సామి సావునే దాటె. అన్నీ దాటేదే గదప్పా. దానికే అన్నిటికీ పాస్కా అని ఒకటే మాట."

తర్వాత నేను విచారించుకుంటే అది యూదుల మాటట. వాళ్ల పండగ పేరు అది, ఆ గొర్రెపిల్ల పేరూ అదేనట. ఎన్ని దేశాలు తిరిగి, ఎందరు ఫాదర్ల నోట్లో నలిగి మా గట్టుకు చేరిందో. కర్నూలు పట్నంలో ఇంకో మిషను వాళ్లు పస్కా అని బైబిల్లో యూదుల పండగను మాత్రమే అనేవాళ్లు, తమ పండగను ఈస్టర్ అనేవాళ్లు. మా పల్లెలో ఈస్టర్ అంటే పట్నం పోయొచ్చిన గర్వం కింద లెక్క. పల్లెవాళ్లకు రెండూ పాస్కానే, కాలం లెక్క గూడా పాస్కాతోనే. పాస్కాకు గోడలకు సున్నం కొట్టాల. మా పిల్లోడు పోయిన పాస్కాకు అడుగులేసె. ఈ రోగం పాస్కా చూడనీదేమో. ఇట్లా ఉండేవి మాటలు.

మాటకు తగ్గ ఆచారం గూడా ఒకటుండేది. పల్లె కాలువకు ఈ గట్టున, వాళ్ల గుడి ఆ గట్టున. కొంచెం దిగువన వంతెన ఉంది, ఆదివారాలన్నీ దాని మీదే పోతారు. పాస్కా పొద్దున మాత్రం వంతెన ఎక్కరు. పల్లె పల్లెంతా కొత్తబట్టలు కట్టుకుని, పాట పాడుకుంటూ, ఎండిన కాలువలోకి దిగి ఆ గట్టుకు ఎక్కుతారు. ముసలివాళ్లు ముందు, పిల్లలు నడుమ, వయసువాళ్లు ఎనక. అందరూ దాటినంకనే మేస్త్రీ దాటాల. వంతెన మీద పోవచ్చు గదా అని నేను తెలివి చూపిస్తే అవ్వ నా వైపు జాలిగా చూసింది. సముద్రాన్ని దాటిన పండగకు వంతెన మింద పోతే అది యాడ పాస్కా అవుతుందప్పా అంది.

ఇంక అసలు సంగతికొస్తాను. యాభై ఆరులో, మార్చి నెలలో, పల్లె ఎదురుగా కాలువ గోడ జారిపోయింది. అదే సమయానికి దిగువ ఊర్లో తాగునీటి చెరువు అడుగంటింది. గోడ తొందరగా కట్టాల, ఏప్రిల్ మొదట్లో చెరువుకు ఒకసారి నీళ్లు పంపాల, మళ్లీ కాలువ కట్టేసి మిగతా పనులు చూసుకోవాల. ఆ వేళకు పల్లెవాళ్లకు శనగ పీకే పని దొరుకుతాండాది, అది సుఖమైన పని. రాళ్లు మోయడానికి ఎవరొస్తారు? ఓవర్సీయర్ మేస్త్రీని పిలిపించాడు.

మేస్త్రీ శానాసేపు మట్టిలో గీతలు గీసి, వస్తాము గానీ ఒక మాట కావాల అన్నాడు. పాస్కా నాటికి కాలువలో నీళ్లు ఉండకూడదు. మీ పాస్కా ఎప్పుడోయ్ అని ఓవర్సీయర్ అడిగితే, పున్నమి పోయినంక వచ్చే ఆదివారం సార్ అన్నాడు మేస్త్రీ. ఓవర్సీయర్ ముఖం వెలిగిపోయింది. తన భాషలో మాట్లాడే మనిషి ఈ ఎర్రటి ఎండలో దొరికాడు గదా. సంచిలోనుంచి కొత్త పంచాంగం తీశాడు. ఉగాది ఇంకా రాలేదు, అయినా ఆయన మా అందరికంటే ముందు తెప్పించుకునేవాడు, ఇంకా మడత గూడా విప్పలేదు. మొదటి పేజీల్లోనే చైత్ర పౌర్ణమి ఉంది. దాని తర్వాతి ఆదివారం ఏప్రిల్ నెలాఖరు. నేను చేరినప్పటి నుంచి పాస్కా ఉగాది పోయినంకనే వస్తాండాది, ఇద్దరమూ చూసినవాళ్లమే, కాబట్టి అనుమానమెందుకు వస్తుంది? అప్పటికి నీళ్లు వచ్చి పోయి కాలువ మళ్లీ ఆరిపోతుంది.

"మీ పాస్కా నాడు ఈ కాలువలో చుక్క నీళ్లుండవు. నాదీ మాట," అన్నాడు ఓవర్సీయర్.

మేస్త్రీ పల్లెకు పోయి ఆ మాట చెప్పాడు. ఆయన్ను నమ్మి వాళ్లు శనగచేలు వదిలి వచ్చారు. వాళ్లకు అవి పాస్కాకు ముందొచ్చే నలభై ఉపవాసాల రోజులు. మధ్యాన్నం గంజి గూడా సగమే తాగి, ఆ ఎండలో రాళ్లు మోశారు. ఈ ఏడు ఉపవాసాలు ఇంత ముందుగా ఎందుకొచ్చాయని మాకిద్దరికీ తోచలేదు. కళ్ల ముందు పెట్టుకుని చూడలేదు, ఏం చేస్తాం. గోడ అనుకున్నదానికంటే ముందే లేచింది. ఓవర్సీయర్ సంతోషపడి, శనివారం పొద్దున నీళ్లు వదలొచ్చని కాలువ తల దగ్గరికి కబురు పంపాడు.

శనివారం మధ్యాన్నం నేను సైకిలేసుకుని పల్లెకు పోయాను. నీళ్లు రేపు మన గోడ కాడికి వస్తాయి, చూద్దురు రండి అని పిలుద్దామని. వాళ్లు కట్టిన గోడ గదా, మొదటి నీళ్లు తగులుతుంటే చూస్తే సంతోషంగా ఉంటుందనుకున్నాను. పల్లెలో అడుగుపెడితే గోడలన్నీ తెల్లగా మెరుస్తాండాయి. వేపచెట్టు కింద గొర్రెలు కట్టేసుండాయి. అవ్వ గడపలో కూర్చుని, కొత్త చీర ఒళ్లో పెట్టుకుని మడతలు నిమురుతాండాది.

"ఏం అవ్వా, పెండ్లా?" అన్నాను.

"రేపు పాస్కా గదప్పా. నీకు తెలీదా?"

నీళ్లు తెల్లవారుజామునే వదిలేశారు, వస్తాండాయి. మేస్త్రీ ఇంట్లోనుంచి బయటికొచ్చి, పెద్దసార్‌కు మా అందరి దండాలు చెప్పండి, ఆయన మాటిచ్చినాడని పల్లెంతా చెప్పుకుంటాండారు అన్నాడు. చెప్తానన్నాను. ఆ మనిషి ముఖంలోకి చూడలేక సైకిలు ఎక్కి తొక్కడం మొదలుపెట్టాను. రేపు పొద్దున కాలువలో నీళ్లుంటే ఓవర్సీయర్ మాట ఒక్కటే పోదు. ఆ మాటకు పూచీపడ్డ మేస్త్రీ మాట పోతుంది. మళ్లీ ఆయన పారకు లేస్తే ఎవరు లేస్తారు?

క్యాంపులో ఓవర్సీయర్ అప్పుడే పొడుం పీల్చి ప్రశాంతంగా ఉన్నాడు. నేను చెప్పింది విని, రేపు ఏప్రిల్ ఒకటి గనక ఒక రోజు ముందే నన్ను ఫూలు చేయడానికి వచ్చావా అన్నాడు. నా చెమటలు చూసి నిజమని తెలుసుకున్నాడు. పంచాంగం తీశాడు, కొత్తది. పేజీలు తిప్పాడు. ఉగాది రాకుండా వాళ్ల పండగ ఎలా వస్తుందోయ్ అని నామీద కేకలేశాడు, నేనేదో దాన్ని ముందుకు జరిపినట్టు. తర్వాత పెట్టె అడుగు నుంచి పాత పంచాంగం తీశాడు. దాని చివరి పేజీల్లో, ఫాల్గుణ మాసంలో, పోయిన సోమవారమే పౌర్ణమి. ఏడాది నడుమ అధికమాసం వచ్చి మన ఉగాదిని ఎనక్కి నెట్టింది. పాస్కా మాత్రం తన లెక్కలో తాను వచ్చేసింది.

"ఏవిటోయ్ ఇది," అన్నాడు. ఈసారి ఆ తిట్టు ఎవరికో ఆయన చెప్పలేదు.

తర్వాత ఆయనే లేచి, గుడ్డసంచి భుజానేసుకుని, లాకు దగ్గరికి పద అన్నాడు. పల్లెకు ఎగువన కాలువకు అడ్డంగా ఒక లాకు ఉంది. దాని ఇనప తలుపులు దించితే నీళ్లు ఆగుతాయి. కానీ ఎంతసేపు ఆగుతాయి? ఎనక కాలువ నిండేదాకా. నిండితే తలుపుల మీద పొర్లుతాయి, లేదంటే గట్టు తెగుతుంది. పక్కన వాగులోకి వదిలేయొచ్చు గానీ ఎండిన చెరువు పెట్టుకున్న ఊరి నీళ్లు వాగుపాలు చేసే ప్రసక్తే లేదన్నాడు ఓవర్సీయర్. ఆపుదాం, పారబోయొద్దు. పైనుంచి ఉత్తరువు లేకుండా తలుపులు దించడమే పెద్ద తప్పు, అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. పదోన్నతి కోసం ఎదురు చూస్తున్న మనిషి ఆయన.

లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు ఒక తెల్లగడ్డం సాయిబు. సంగతంతా విని, పండగ అంటే పండగే సాబ్, రంజాన్ నెలపొడుపు గూడా ఎవరి పంచాంగం చూసి రాదు గదా అని ఓవర్సీయర్‌ను ఓదార్చి, తలుపుల చక్రం పట్టుకున్నాడు. రాత్రి నీళ్లు వచ్చి తలుపులకు తగిలి ఎదగడం మొదలుపెట్టాయి. పొద్దు పొడిచే వేళకు సగం పైకొచ్చాయి. పల్లెవాళ్లు దాటగానే వచ్చి చెప్పు, అప్పుడే ఎత్తుతాం అని ఓవర్సీయర్ నన్ను పంపించాడు. సంగతి మాత్రం వాళ్లకు చెప్పొద్దన్నాడు. భయపడుతూ దాటితే పండగ ఎలా అవుతుందోయ్ అన్నాడు.

మీరెప్పుడైనా ఒక ఊరిని తొందర పెట్టి చూశారా, తొందర అని చెప్పకుండా? నేను ఆ పొద్దున చేశాను. అందరూ బయలుదేరేసరికి ఒక బాలింత రాలేదు, ఆమె కోసం ఆగారు. ఆమె వస్తే పాట అందుకునే పెద్దాయన తువ్వాలు మరిచిపోయి ఇంటికి పోయాడు. ఎండ ఎక్కుతాంది అప్పా, ఎండ ఎక్కుతాంది అని నేను గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. చిన్నసార్‌కు మనకంటే ఎక్కువ పండగొచ్చినట్టుండాది అని ఆడవాళ్లు నవ్వుతాండారు.

చివరికి దిగారు. పాట మొదలైంది. ముసలివాళ్లు ముందు నడవాల్సింది, అవ్వ కాలువ నడుమ ఆగిపోయింది. కొత్త గోడ మీద చెయ్యి పెట్టి, ఈ రాయి నా మనవడు మోసినాడు, ఆ రాయి ఎవరు మోసిరి అని ఒక్కొక్కదాన్నీ పలకరిస్తాండాది. జనమంతా ఆమెను దాటి అవతలి గట్టు ఎక్కారు. ఆమె, ఆమె పక్కన మేస్త్రీ మిగిలారు. ఆచారం ప్రకారం ఆయన ముందు కదలకూడదు గదా. అప్పుడు చూశాను నేను. ఎగువ వంపు కాడ కాలువ అడుగున తెల్లగా నురుగు, ఎండుటాకులు, గడ్డిపోచలు. సన్నటి నీటిపాయ మా వైపు పాకుతాండాది. లాకు తలుపుల మీద పొర్లడం మొదలైందన్నమాట.

మేస్త్రీ చూశాడు. నా వైపు చూశాడు. అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. కానీ ఆమె కదల్లేదు. పాయ వచ్చి ఆమె కాలివేళ్లను తడిపింది. ఆమె వంగి చూసి, పండ్లు లేని నోటితో నవ్వింది.

"ఈ ఏడు కాళ్లు గూడా కడిగినాడే సామి."

అని, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, తీరిగ్గా నడిచి గట్టు ఎక్కింది. ఆమె ఎనక మేస్త్రీ ఎక్కాడు. నాకు మాత్రం సైకిలు దొరికితే చాలనిపించింది.

లాకు కాడికి పోయేసరికి ఓవర్సీయర్ పంచె మోకాళ్ల పైకి కట్టి, తలుపుల పైన దిమ్మె మీద నిలబడి ఉన్నాడు. తలుపుల మీదుగా నీళ్లు పొర్లి ఆయన పాదాల మీదుగా దూకుతున్నాయి. లస్కరు ఇంక ఆగవు సాబ్, గట్టు పోతుంది అని మొత్తుకుంటున్నాడు. దాటారా అని అడిగాడు ఓవర్సీయర్. దాటారన్నాను. ముగ్గురమూ కలిసి చక్రం తిప్పాము. నీళ్లు అరుచుకుంటూ దిగువకు పోయాయి. అప్పుడుగానీ ఆయన కూర్చోలేదు.

మధ్యాన్నం మేస్త్రీ లాకు కాడికే ఒక చట్టిలో బెల్లం పాయసం తెచ్చాడు. గొర్రె పెద్దసార్‌కు పనికిరాదు గదా. ఓవర్సీయర్ ఆ రోజుల్లో అందరి ఇంటివీ తినేవాడు కాదు. ఆ చట్టి మాత్రం రెండు చేతులా అందుకుని, మూతి పెట్టి తాగాడు. అప్పుడు, మూడు వారాల కింద అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

"పున్నమి తర్వాత ఆదివారం అన్నావు. ఏ పున్నమో నువ్వు ఎలా లెక్క కడతావోయ్?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. "మాకేం ఎరుక సార్. ఫాదర్ గుడిలో చెప్తాడు, మేం చేస్తాం. మీరు పంచాంగం మనిషి గదా, మీకు అర్థమయ్యేటట్ల చెప్దామని పున్నమి అన్నా."

లస్కరు మొదట నవ్వాడు. తర్వాత ఓవర్సీయర్. పొడుం డబ్బీ నీళ్లలో పడిపోయేదాకా నవ్వాడు ఆయన.

తర్వాత తనిఖీకి వచ్చిన ఇంజనీరు దొర, చెరువుకు నీళ్లు ఒక పూట ఆలస్యమయ్యాయట, ఎందుకని అడిగాడు. ఓవర్సీయర్ నిటారుగా నిలబడి, పాస్కా వల్ల సార్ అన్నాడు. అదేమిటని దొర అడిగాడు. దాటాల్సినవాళ్లు దాటేదాకా నీళ్లు ఆగడం సార్ అన్నాడు ఓవర్సీయర్. దొర కొత్త గోడ వైపు చూశాడు, నిండిన చెరువును తలుచుకున్నాడేమో, సరే అని జీపు ఎక్కాడు. పదోన్నతి ఆ ఏడు రాలేదు, మరుసటేడు వచ్చింది. మేస్త్రీ పారకు లేస్తే పల్లె లేవడం మాత్రం ఒక్కరోజూ ఆగలేదు. అవ్వ ఆ తర్వాత గూడా ఎన్నో పాస్కాలు దాటింది.

నేను ఎన్నో చోట్లు తిరిగి, ఉద్యోగం చివర్లో మళ్లీ ఆ కాలువకే వచ్చాను. ఒక రోజు లాకు కాడ నిలబడి ఉంటే దిగువ నుంచి ఒక కేక వినబడింది. ఎద్దులబండి కాలువలో దిగింది, కాసేపు పాస్కా ఇయ్యండప్పో అని. లాకు మీద కొత్త లస్కరు, మీసాలు గూడా సరిగా రాని వయసు, గబగబా తలుపు దించి నీళ్లు పట్టాడు. పాస్కా అంటే ఏందప్పా అని అడిగాను.

"అవతలికి పోయేటోళ్లు పోయేదాకా నీళ్లు పట్టుకునేది సార్. ఈ లాకుల మింద అందరూ అట్లే అంటారు. మీకు తెలీదా?"

తెలీదన్నాను. బండి అవతలి గట్టు ఎక్కేదాకా ఇద్దరమూ ఆ తలుపు పట్టుకుని నిలబడ్డాము.